వరస తేలేదాకా

ఆ కాలంలో మా కుందేటి సీమలో కొత్త మనిషి కనబడితే ‘బాగుండావా’ అనడానికి ముందు ‘యా ఊరు, ఎవరోళ్ళు’ అని అడిగేవాళ్ళు. మొదటిదానికి ఎవరైనా జవాబు చెప్పగలరు. రెండోదానికి చెప్పాలంటే తాతలు, ముత్తాతలు, వాళ్ళ ఆడబిడ్డలు, ఆ ఆడబిడ్డల్ని ఇచ్చిన ఊళ్ళు, అన్నీ నాలుక మీద ఉండాలి. మా ఇంట్లో ఆ సరుకు లేదు. మా వంశం మా తాతతో మొదలయ్యేది. పెద్దకరువులో గంజి పోసే చోట దొరికిన పిల్లవాడట ఆయన. మిషను దొరలు చేరదీసి, బాప్తిస్మమిచ్చి, బైబిల్లోంచి ఒక పేరు తీసి పెట్టి, వడ్రంగం నేర్పించారు. తాతకు ముందు మన వంశంలో ఎవరుండేవాళ్ళని అడిగితే మా నాయన రంపం ఆపకుండానే ‘ఆదాము’ అనేవాడు. (మధ్యలో ఇంకెవరూ లేరా అని అడిగి నేనొక మొట్టికాయ తిన్నాను.)

ఇది ఒక లోటని నాకు పెండ్లీడు వచ్చేదాకా తెలియలేదు. అప్పటికి నేను కోయిలకుంట్ల దాపున ఒక మిషను బడిలో కొత్తగా చేరిన పంతుల్ని. ఒక నల్లకోటు, దానికి ఏమాత్రం సరిపోని ఒక పంచె, వాటిని మించిన ఆత్మవిశ్వాసం నా ఆస్తి. వీధికి ఆ పక్క ఆడపిల్లల బడి. అందులో చిన్న తరగతులకు చెప్పే టీచరమ్మ మిషను ఆసుపత్రి కంపౌండరు గారి అమ్మాయి. ఆమె గొడుగు వేసుకుని వీధి దాటే వేళకు నేను రెండో తరగతికి ఎక్కాలు చెబుతుండేవాణ్ణి. పిల్లలు నా ఎక్కాలు దిద్దేవాళ్ళు. ఆమె ఒక్కసారైనా తల తిప్పి చూసేది కాదు. కానీ ఎండ ఎటునుంచి కాసినా గొడుగును మాత్రం మా బడి వైపు కొంచెం ఎత్తి పట్టుకునేది. ఆ కొంచెం ఎత్తులో నేను చదువుకున్న అర్థాలు ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గుచేటు. మొత్తానికి సంగతి మా అమ్మ కనిపెట్టింది, కంపౌండరు గారింటికి కబురు వెళ్ళింది, వాళ్ళు సరేనన్నారు, అంతా చకచకా జరిగిపోయింది. ఆ చకచకలో మా మేనత్తను ఒక మాట అడగడం అందరూ మరిచిపోయారు.

మా మేనత్త అంటే మా నాయనకు అక్క. చర్చి వెనక వీధిలో కాపురం. వెడల్పాటి ముక్కు, ఎప్పుడూ నడుం మీద ఉండే ఎడమచెయ్యి, రెండు వీధులకు సరిపోయే గొంతు. తనను అడగకుండా కాకి వాలినా ఒప్పుకునేది కాదు. ఆదివారం ఆరాధనలో పాదిరి అయ్యగారు మా పెండ్లి ప్రకటన చదివి, ‘ఈ వివాహమునకు అభ్యంతరము ఎవరికైనను ఉండిన ఎడల ఇప్పుడే తెలుపవలెను’ అని ముగించి, అలవాటు ప్రకారం ఊపిరి తీసుకోకుండానే తరువాతి కీర్తన సంఖ్య చెప్పబోయాడు. మా సంఘంలో ఆ మాటకు ఎవరూ ఎప్పుడూ జవాబు చెప్పలేదు. అది జవాబు కోసం అడిగే ప్రశ్న అని కూడా మాకెవరికీ తెలియదు. ఆడవాళ్ళ వైపు చాపల మీది నుంచి మా మేనత్త లేచి నిలబడింది.

“ఉండాది అయ్యగారూ,” అంది.

అయ్యగారి కళ్ళద్దాలు ముక్కు చివరికి జారాయి. “ఏముండాదమ్మా?” అన్నాడాయన, గ్రంథభాష మరిచిపోయి.

“అభ్యంతరం. ఈ పిల్లోని తాత, ఆ పిల్ల తాత, ఇద్దరూ కరువులో ఒక బండిలోనే వచ్చినారు. ఒక కంబళే ఇద్దరూ కప్పుకొని వచ్చినారు. మా నాయనే చెప్పినాడు. ఒక తల్లి బిడ్డలు కాదని ఎవరు చూసినారు? అట్లయితే వీళ్ళిద్దరూ అన్నాచెల్లెండ్లు. మీరు అన్నాచెల్లెండ్లకు తాళి కట్టిస్తాండారు.”

చర్చి అంతా ఒక్కసారి గుసగుసలతో నిండిపోయింది. కంపౌండరు గారి తల్లి, అంటే ఆ పిల్ల నాయనమ్మ, చేతికర్ర ఊతంగా లేచింది. ఆమెను ఊళ్ళో అందరూ అవ్వ అనే పిలిచేవాళ్ళు. కంటిచూపు తక్కువ కాబట్టి మా మేనత్త వైపు అనుకుని ఒక స్తంభం వైపు తిరిగి, “మా ఆయన మీ నాయనకు తోబుట్టువా? మా ఆయన నిలువెత్తు మనిషి. మీ నాయన కూర్చున్నా నిలబడినా ఒకటే,” అంది. మా నాయన తల వంచుకుని ప్రార్థన చేస్తున్నట్టు నటించాడు. నేను కీర్తనల పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాడటానికి సిద్ధంగా నిలబడ్డాను. ఎవరూ పాడలేదు. చివరికి అయ్యగారు, “వరస తేలేదాకా ప్రకటన ఆపుతాండాను,” అని ప్రకటించి ఆశీర్వాదం ఇచ్చి పంపేశాడు.

ఇద్దరు తాతలూ అప్పటికే పోయారు. ఊరి ఆనవాలుగా వాళ్ళు వదిలి వెళ్ళింది ఒక్క మాటే. తమ ఊరి వెనక అత్తాకోడళ్ళ గుండు అని ఒక జంటబండ ఉండేదని మా తాత మా మేనత్తతో అనేవాడట. సరిగ్గా అదే మాట ఆ తాత కూడా అవ్వతో అనేవాడట. మా ఊళ్ళో బండి తోలే సాయిబు అది విని, “అత్తాకోడళ్ళ గుండా? అవుకు దావలో ఉండాది సార్. నేను చూసినా. ఒకటి పెద్దగా కూర్చోనుంటాది, ఇంకోటి చిన్నగా ముడుచుకోనుంటాది,” అన్నాడు. బడికి వేసవి సెలవులు. వెంటనే బండి కట్టించాం. చెవులారా వినకపోతే నమ్మనని మా మేనత్త ఎక్కింది. ఆమె చెవులను నమ్మలేనని అవ్వ ఎక్కింది. అవ్వకు కళ్ళు ఆనవు కాబట్టి మనవరాలు ఎక్కింది. మగదిక్కు ఒకడుండాలి కదా అని మా నాయన నా వైపు చూపించి, తను హాయిగా రంపం అందుకున్నాడు.

అయితే బండిలో నాకు చోటు లేదు. మేనత్త ముందుకు తిరిగి, అవ్వ వెనక్కి తిరిగి, ఒకరి వీపుకు ఒకరు వీపు ఆనించి కూర్చున్నారు. నడుమ ఆ అమ్మాయి. నేను బండి వెనక దుమ్ములో నడిచాను. అన్నాచెల్లెళ్ళేమో అనే అనుమానం ఉంది కనుక ఆమెను చూడకూడదు. కాబోయే పెండ్లాం కూడా కనుక మాట్లాడకూడదు. సాయిబుకు మాత్రం మా కష్టం ఏమిటో అంతుపట్టలేదు. “అన్నదమ్ముల బిడ్డలైతే ఏమైతాది సార్? మా ఇండ్లల్లో బ్రహ్మాండంగా నిఖా చేస్తాం,” అని దారి పొడుగునా ఓదార్చాడు. మా మేనత్త అతనికి మా ఆచారాలు బోధించింది. ఎద్దులు కూడా నడక తగ్గించి విన్నాయి.

అవుకు దారిలోని ఆ ఊరికి చేరేసరికి గుండు కనబడింది. నాకైతే అది అత్తా కోడలూ అని తోచలేదు, ఒక గున్నఏనుగు, దాని పక్కన ఒక గంప అనిపించింది. కానీ సాయిబు అంత నమ్మకంగా చెప్పాక కాదనడానికి నేనెవణ్ణి. ఊరి మొదట్లో ఒక నాపరాతి అరుగు మీద తెల్లటి మీసాల పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మేము వచ్చిన పని చెప్పగానే ఆయన మొఖం వెలిగిపోయింది.

“పెద్దకరువులో ఈ ఊరి నుంచి ఇద్దరు పిల్లోళ్ళు పోయినారా తాతా?” అని అడిగాను.

“పోకేమప్పా? పోయినారు. మా దాయాదుల బిడ్డలే. నా కండ్ల ముందరే పోయినారు. మీరు వాళ్ళ మనవలా? రాండి, రాండి. మేయ్, కోడిని పట్టుకోండి.”

“వాళ్ళిద్దరూ అన్నదమ్ములా?” మా మేనత్త అరుగు దగ్గరికి జరిగింది.

“అన్నదమ్ములు యాడమ్మా? పొడుగోడు మేనమామ, పొట్టోడు మేనల్లుడు. వయసులో ఏమంత తేడా ల్యాదు.”

నా గుండె ఎగిరి నల్లకోటు గుండీని తాకింది. అన్నాచెల్లెళ్ళం కాము. అయితే మా మేనత్త అప్పటికే కుడిచేతి వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. “మా నాయన పొట్టి. అంటే మా నాయన మేనల్లుడు. కంపౌండరు మా నాయనకు మేనమామ కొడుకు. నాకు మామ. మామ కూతురంటే మా తమ్మునికి మరదలు. తమ్మునికి మరదలంటే, వాని కొడుక్కి,” అని ఆగి, చిటికెనవేలు పట్టుకుని నా వైపు చూసింది. ఆ చూపులో జాలి, ఆనందం సమపాళ్ళలో ఉన్నాయి. “చిన్నమ్మ అయితాదిరా నీకు.”

“ఖాలా,” అన్నాడు సాయిబు, నా భుజం తడుతూ. “ఖాలాను మా ఇండ్లల్లో గూడా చేసుకోము సార్.”

నేను అరుగు మీద కూలబడ్డాను. అప్పుడు ఆ అమ్మాయి బండి దిగి, చీర కొంగు సర్దుకుని, నా ఎదుటికి వచ్చి నిలబడింది. మా ఇద్దరికీ పరిచయమైన నాటి నుంచి ఆమె నాతో అన్న మొట్టమొదటి మాట ఇది: “కాళ్ళు కడుక్కోవాల. నీళ్ళు తెచ్చిపెట్టు నాయనా.”

మొఖంలో ఒక్క గీత కదలలేదు. నేను వెళ్ళి నీళ్ళు తెచ్చాను. కోటు విప్పమంది, చెమటలు పట్టినాయి కదా అని. విప్పాను. ఎక్కాలు వస్తాయా అని అడిగింది. వస్తాయన్నాను. “పద్నాలుగో ఎక్కం చెప్పు, విందాము. ఆ కిటికీ దగ్గర రోజూ తప్పే చెప్తాండావు,” అంది. అంటే గొడుగు కింద నుంచి అంతా వింటూనే ఉందన్నమాట. ఆ సంతోషంలో పద్నాలుగో ఎక్కం మళ్ళీ తప్పాను. పెద్దవాళ్ళు మా వంక చూసి ఏమీ అనలేదు. అనడానికి ఏముంది, చిన్నమ్మ కొడుకుతో మాట్లాడుతోంది. అన్నాచెల్లెళ్ళం కావచ్చన్న భయంతో పొద్దుటి నుంచి నోరు మూసుకుని వచ్చాం. చిన్నమ్మా కొడుకులమయ్యాక మాకు ఏ అడ్డూ లేకుండా పోయింది. పెండ్లి ఆశ పూర్తిగా పోయిన ఆ పూటే నేను నా జీవితంలోకెల్లా ఎక్కువ సంతోషంగా ఉన్నానంటే మీరు నమ్మాలి. ఆమె తన బడి సంగతులు చెప్పింది, నేను మా హెడ్మాస్టరు నడకను నడిచి చూపించాను, ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మధ్యమధ్య గుర్తొచ్చినప్పుడల్లా ‘నాయనా’ అనేది. అన్నప్పుడల్లా నేను లేచి ఇంకో చెంబు నీళ్ళు తెచ్చేవాణ్ణి.

కోడికూర, జొన్నరొట్టె వడ్డిస్తే మేమంతా వరసగా కూర్చున్నాం. ఇంతలో పక్కింటి నుంచి ఇద్దరు ముసలివాళ్ళు వచ్చారు. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి.

“ఏమప్పా, చుట్టాలంట?” అన్నాడు పొడుగాయన.

“అవునప్పా. కరువులో పోయిన మామాఅల్లుండ్ల మనవలు,” అన్నాడు మీసాల పెద్దాయన గర్వంగా.

“యా మామాఅల్లుండ్లు?”

“అదేనప్పా. నువ్వూ, వీడూ.”

నేను నోట్లో పెట్టుకున్న ముద్ద అక్కడే ఆగింది. పొడుగాయన పొట్టాయన వైపు చూశాడు, పొట్టాయన పొడుగాయన వైపు చూశాడు. “మేము మళ్ళా వానలకే తిరిగొచ్చినాము కదయ్యా. నీ పక్కనే కాపురముంటాండాము,” అన్నాడు పొడుగాయన నెమ్మదిగా.

“వచ్చినారు, ల్యాదంటినా? పోయినారా అని అడిగినారు. పోయినారనే చెప్పినా,” అన్నాడు పెద్దాయన, కొంచెం కూడా తొణక్కుండా. మా మేనత్త రొట్టె పక్కన పెట్టి లేవబోయింది. అవ్వ ఆమె కొంగు పట్టుకుని లాగి, “చుట్టరికం పోతే పోయింది, కూర బాగుండాది. తిను,” అంది. మా మేనత్త మళ్ళీ కూర్చుని రొట్టె అందుకుంది. వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి రావడం నేను చూసింది అదే మొదలు. నా పక్కన చిన్నమ్మ వరస పోయిన అమ్మాయి గభాలున తల వంచుకుని, మళ్ళీ మాట్లాడకూడని మనిషైపోయింది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

పొడుగాయన మాత్రం భోజనమంతసేపూ మా మేనత్తనే పరీక్షగా చూస్తూ కూర్చున్నాడు. చివరికి, “అమ్మా, తప్పుగా అనుకోవద్దు. అచ్చం నీ మాదిరి మనిషిని నేను యాడనో చూసినా,” అన్నాడు. “కుందేటికి ఆ పక్క, మా బిడ్డను ఇచ్చిన ఊర్లో ఒక ముసలామె ఉండాది. ఇదే ముక్కు. నోరు గూడా,” అని ఆగి, మర్యాద కోసం మాట మార్చి, “గొంతు గూడా ఇదే. ఆ ఊరి వెనక గూడా అత్తాకోడళ్ళ గుండే ఉండాది,” అన్నాడు. మా మేనత్త తనలాంటి మనిషి ఇంకొకరు ఉండటం అసాధ్యమంది. మాకందరికీ కూడా అలాగే అనిపించింది. అయినా తెల్లవారగానే బండి కట్టాం.

వేసవిలో కుందేరు సన్నగా పారుతోంది. ఇసుకలో బండి కూరుకుపోతే అందరూ దిగి తోయాల్సి వచ్చింది. నేనూ ఆ అమ్మాయీ ఒకే చక్రం దగ్గర చేరాం. ఆ చక్రం శానాసేపు కదల్లేదు. (సాయిబు తరువాత చెప్పాడు, మేమిద్దరం ఎదురుబొదురు నిలబడి చెరొకవైపూ తోశామట.)

ఊళ్ళోకి వెళుతుంటే వీధి మొదట్లోనే మా మేనత్త గొంతు వినిపించింది, ఎవరినో తిడుతూ. ఎప్పుడు దిగిందా అని సాయిబు వెనక్కి తిరిగి చూశాడు. ఆమె బండిలోనే ఉంది, నోరు మూసుకుని. ఆ కంగారులో అతను వీధిలో ఆరబోసిన ఎండుమిరపకాయల అంచు మీదుగా చక్రం పోనిచ్చాడు. నాపరాళ్ళ కప్పు ఉన్న ఇంట్లోంచి ఒక ముసలమ్మ బయటికి వచ్చింది. వెడల్పాటి ముక్కు. నడుం మీద ఎడమచెయ్యి.

“కండ్లు యాడ పెట్టుకొని తోల్తాండావు? నా మిరపకాయలు నీ ఎద్దుల మేతా?”

“దావలో ఆరబోసుకొని బండోళ్ళను అంటాండావా? మిద్దె మీద పోసుకో,” అంది మా మేనత్త, దిగకుండానే.

“నా వీధి, నా మిరపకాయలు. నన్ను అడగకుండా ఈ వీధిలో కాకి గూడా వాలదు.”

మా మేనత్త బండి దిగింది. నడుం మీద చెయ్యి పెట్టింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ఒకే ఊపిరికి, ఒకే రాగంలో, ఒకరి మాట ఒకరు వినకుండా కాసేపు అరుచుకున్నారు. అవ్వకు కళ్ళు ఆనక, “ఎవరితో పోట్లాడుతాండాది పాపా, తనతో తనేనా?” అని మనవరాలిని అడిగింది. ఉన్నట్టుండి ఇద్దరూ ఒకేసారి ఆగారు. ముసలమ్మ దగ్గరికి వచ్చి, మా మేనత్త గడ్డం పట్టుకుని ఎండ వైపు తిప్పింది.

“నువ్వు ఎవరి బిడ్డవే?”

జీవితంలో మొదటిసారి మా మేనత్త నడుం మీది చెయ్యి దించింది. “తెలియదు,” అంది చిన్నగా. “మా నాయన కరువులో తప్పిపోయినోడు. ఎవరి బిడ్డనో అడుగుదామనే వచ్చినాము.”

“ఒక్కడే పోయినాడా? ఇంకొకడుండాల వానితో. ఒక చెవి సగం లేనోడు.”

ఈసారి అవ్వ కదిలింది. “మా ఆయనకు ఎడమచెవి సగమే,” అంది. “చిరుతపులి కొట్టిందని చెప్పినాడు.”

“పులి యాడిది? మా తమ్ముడు కొరికినాడు, బెల్లం ముక్క కోసరం,” అంది ముసలమ్మ. అంటూనే మా మేనత్తను కావలించుకుంది. కరువునాడు తల్లి జబ్బుతో లేవలేకపోతే, ఆమెకు తోడు తను ఉండిపోయి, మగపిల్లలిద్దరినీ గంజి పోసే చోటికి పోయే బండెక్కించిందట. కడుపు నిండా తాగి రాండిరా అని కంబళి కప్పి పంపిందట. మళ్ళీ రాలేదు. పోయినారనే అనుకున్నారట అందరూ. ఆమె మా మేనత్త గడ్డం వదలకుండానే ఇదంతా చెప్పింది. మా మేనత్త చిన్నపిల్లలా ఏడ్చింది. సాయిబు ఎద్దుల వైపు తిరిగి వాటి మెడలు నిమిరాడు. కానీ నేను వచ్చిన పని నన్ను నిలవనివ్వడం లేదు.

“పెద్దవ్వా, ఆ సగం చెవి ఆయన మీకు ఏమైతాడు?” అని ముసలమ్మను అడిగేశాను.

“వాడా? మా మేనత్త కొడుకు. నాకు బావ. కరువు రాకుంటే నన్ను వానికే ఇస్తామనేవాళ్ళు.”

అవ్వ చేతికర్ర నాపరాయి మీద ఠంగుమంది. “ఆ మాట గూడా నాకు చెప్పలేదు ఆయన,” అంది. చచ్చి స్వర్గానికి పోయిన భర్తకు అక్కడ ఆ పూట సుఖం ఉండి ఉండదు. మా దృష్టి మాత్రం అవ్వ మీద లేదు. మా మేనత్త కళ్ళు తుడుచుకుని మళ్ళీ వేళ్ళు తీసింది. నేనూ, ఆ అమ్మాయీ, సాయిబూ ఆ వేళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాం.

“ఆయన మా నాయనకు బావ. నాకు మామ. ఆయన కొడుకు కంపౌండరు నాకు బావ. బావ కూతురంటే నాకు కూతురే. నా కూతురంటే నా మేనల్లునికి,” అని ఆమె ఆగేసరికి సాయిబు ఉండబట్టలేక, “మరదలు,” అన్నాడు, తలపాగా తీసి గాల్లోకి విసిరి. అది పోయి మిరపకాయల్లో పడింది.

నేను భూమి మీద నిలబడి ఉన్నానో లేదో ఇప్పటికీ చెప్పలేను. ఆ అమ్మాయి గొడుగు తెరిచి పూర్తిగా మొఖానికి అడ్డం పెట్టుకుంది. మా మేనత్త ఆమె దగ్గరికి వెళ్ళి గొడుగు పక్కకు తప్పించి, బుగ్గలు పుణికి, మా అందరి వైపు తిరిగింది. “నాకు కూతురి వరస. అట్లయితే ఈ పెండ్లి నా చేతిమీదుగానే జరగాల. పప్పు ఎంత పొయ్యాలన్నా నన్ను అడగాల,” అంది. అడుగుతామని అందరం ఒప్పుకున్నాం.

అలాగే జరిగింది. ముసలమ్మ పెండ్లికి వచ్చి మా ఇంట్లోనే వానలు పడేదాకా ఉంది. (మీరు మతం మారినారంట కదా అని ఒకసారి అడిగి, తనే, “మారితే మారినారులే, పిల్లోళ్ళకు అన్నం పెట్టినారు,” అని ఆ సంగతి ముగించింది.) ఆమే మా మేనత్తా పొద్దున లేచింది మొదలు పోట్లాడుకునేవాళ్ళు. ఒకరు కనబడకపోతే ఇంకొకరు అన్నం ముట్టేవాళ్ళు కాదు. ఆమె పుణ్యాన మాకూ తాతలు, ముత్తాతలు, వాళ్ళ ఆడబిడ్డలు దొరికారు. వాళ్ళ పేర్లన్నీ ఆమె ఒడిలో తల పెట్టుకుని నేర్చుకున్నది నా భార్య. నేను మధ్యలో నిద్రపోయేవాణ్ణి.

ఇప్పుడు మా వాళ్ళందరిలో పెద్ద నేనే. పెండ్లి మాటలు వస్తే పిల్లలు నా మంచం దగ్గరికి వచ్చి, ‘తాతా, మాకు ఏం వరస అయితాది’ అని అడుగుతారు. నేను గంభీరంగా వేళ్ళు మడుస్తాను. సగం దూరం పోయేసరికి ఎవరు ఎవరి కొడుకో మరిచిపోతాను. అప్పుడు ఎదుట నిలబడ్డ పిల్ల మొఖం చూసి, అది ఎంత ఆశగా ఉంటే అంత ధైర్యంగా, ‘బావామరదళ్ళు’ అని తేల్చేస్తాను. మొదట్లో మా ఆవిడ వంటింట్లోంచి ‘తప్పు, మళ్ళా లెక్కపెట్టు’ అని అరిచేది. ఈ మధ్య ఆమె కూడా గడప దాకా వచ్చి, ఆ పిల్ల వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోతోంది.